ఎంజీబీ 1798 సీసీ: 3, 4 సిలిండర్లలో కంప్రెషన్ లేదు, ఇంజను వేడెక్కుతోంది. బోర్ చేయించాలా?

కృష్ణలంక ఎంజీబీ (విజయవాడ)

అందరికీ నమస్కారం. బండి 1966 ఎంజీబీ రోడ్‌స్టర్, అంటే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. ఇంజను 18జీబీ, అయిదు మెయిన్ బేరింగులది, జత ఎస్‌యూ హెచ్‌ఎస్4 కార్బరేటర్లు. చాలా ఏళ్ళు షెడ్డులో కదలకుండా ఉంది. ట్యాంకు కడిగించి, బ్యాటరీలు మార్చాక స్టార్టయింది. ఇప్పుడున్న ఇబ్బందులు ఇవి.

ఐడ్లింగ్‌లో ఇంజను ఊగుతోంది, పికప్ లేదు. బెంజి సర్కిల్ దగ్గర పది నిమిషాలు ట్రాఫిక్‌లో నిలబడితే టెంపరేచర్ ముల్లు చివరికి వెళ్తోంది. సైలెన్సర్‌లో తెల్లపొగ లేదు, నీళ్ళలో ఆయిల్ తెట్టె లేదు, ఆయిల్‌లో నీళ్ళు లేవు. థర్మోస్టాట్ ఎవరో ఎప్పుడో తీసేశారు.

కంప్రెషన్ చూపించాను, పీఎస్ఐలో ఇలా వచ్చింది: 1లో 155, 2లో 150, 3లో 85, 4లో 80. ఒక్కో సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ చూస్తే 165, 160, 90, 85.

ఆటోనగర్‌లో చూపిస్తే ఇంజను దించి, బోర్ చేసి (సిలిండర్ కన్నాలు కోసి పెద్దవి చేసి), 20 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) ఓవర్‌సైజు పిస్టన్లు వేయాలంటున్నారు. హెడ్ గ్యాస్కెట్‌కి (హెడ్‌కీ బ్లాకుకీ మధ్య ఉండే ప్యాకింగు) పాత అంబాసిడర్‌ది సరిపోతుందని కూడా అన్నారు. ఇంకోటి, ఎడమ పక్క మానిఫోల్డ్ కింద నుంచీ, బెల్ హౌసింగ్ దగ్గరా ఆయిల్ కారుతోంది. ఇంజను చుట్టూ వేలి మందం జిడ్డు పేరుకుంది. సర్వీసింగ్ సెంటర్లో ప్రెషర్ నీళ్ళతో కడిగించవచ్చా?

ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పగలరు.

గుంటూరు బి-సిరీస్

బోర్ మాట ప్రస్తుతానికి పక్కన పెట్టండి. మీరు ఇచ్చిన అంకెలు బోర్ అరిగినట్టు చెప్పడం లేదు.

రింగులో, బోరో అరిగితే ఆయిల్ పోసినప్పుడు కంప్రెషన్ బాగా పెరుగుతుంది, ఎందుకంటే ఆ ఆయిల్ కాసేపు రింగు సందుని మూస్తుంది. మీకు 3, 4లో పెరిగింది 5 మాత్రమే. పైగా 1, 2 సిలిండర్లు ఆరోగ్యంగా ఉన్నాయి. 8.8 కంప్రెషన్ రేషియో ఉన్న ఈ ఇంజనుకి కొత్తలో ఉండేదే సుమారు 160. నాలుగు సిలిండర్లూ ఒకే ఆయిల్‌తో, ఒకే దుమ్ముతో నడిచాయి కదా, పక్కపక్కన ఉన్న రెండే సగానికి పడిపోయాయంటే మొదట అనుమానించాల్సింది వాటి మధ్య గ్యాస్కెట్‌ని. 3కీ 4కీ నడుమ ఉన్న సన్నని పట్టీ కాలిపోతే ఒకదాని గాలి రెండోదాన్లోకి పోతుంది. అప్పుడు నీళ్ళు తగ్గవు, తెల్లపొగ రాదు, ఆయిల్ పాడవదు. మీరు చెప్పిన లక్షణాలకి ఇది అతికినట్టుంది.

అయినా హెడ్ దించేముందు రెండు పనులు చేయండి.

మొదటిది టప్పెట్లు, అంటే రాకర్‌కీ వాల్వు చివరకీ మధ్య గ్యాప్. ఇంజను చల్లగా ఉన్నప్పుడు గ్యాప్ 15 థౌ, అంటే 0.38 మి.మీ. ఉండాలి. గ్యాప్ లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ పడిపోతుంది, గ్యాస్కెట్‌ని తప్పు పడతాం. వాల్వులకి ముందు నుంచి వెనక్కి 1 నుంచి 8 దాకా అంకెలు వేసుకోండి. ఏ వాల్వు సెట్ చేయాలో, దాని అంకెని 9 లోంచి తీసేస్తే వచ్చే వాల్వు పూర్తిగా తెరుచుకుని ఉండాలి. 8 తెరుచుకున్నప్పుడు 1, 6 తెరుచుకున్నప్పుడు 3, 4 తెరుచుకున్నప్పుడు 5, అలా. ప్లగ్గులు విప్పి, బండిని టాప్ గేర్లో పెట్టి మెల్లగా తోస్తే ఇంజను తేలిగ్గా తిరుగుతుంది. తర్వాత కంప్రెషన్ మళ్ళీ చూడండి. నాలుగు ప్లగ్గులూ విప్పి ఉండాలి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉండాలి. బటర్‌ఫ్లై మూసి ఉంటే గాలి లోపలికి రాదు, అన్ని అంకెలూ తక్కువగా చూపిస్తాయి.

రెండోది గాలి పరీక్ష. పాత ప్లగ్గు లోపలి పింగాణీ పగలగొట్టి, ఆ షెల్‌కి గాలి గొట్టం నిపుల్ వెల్డ్ చేయిస్తే సాధనం తయారు. 3వ సిలిండర్‌ని కంప్రెషన్ టీడీసీకి (వాల్వులు మూసుకుని, పిస్టన్ పూర్తిగా పైకి చేరిన చోటుకి) తెచ్చి, టాప్ గేర్ వేసి, హ్యాండ్ బ్రేక్ లాగి, చక్రాలకి అడ్డు పెట్టి గాలి ఎక్కించండి. అడ్డు పెట్టకపోతే పిస్టన్ కిందికి తన్నుతుంది, ఫ్యాన్ దగ్గర చేతులుంటే ప్రమాదం. ఆయిల్ పోసే మూత దగ్గర బుస వినిపిస్తే రింగులు. రేడియేటర్‌లో బుడగలొస్తే గ్యాస్కెట్ నీటి వైపు పోయింది, లేదా హెడ్ పగిలింది. 4వ ప్లగ్గు కన్నంలోంచి గాలి తన్నుకొస్తే మన అనుమానం నిజం.

ఇక్కడ చాలామంది ఒకచోట పొరబడతారు. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2. 3 కంప్రెషన్ టీడీసీలో ఉన్నప్పుడు 4 అప్పుడే గాలి పీల్చుకుని కింద ఉంటుంది, దాని ఇన్లెట్ వాల్వు ఇంకా తెరిచే ఉంటుంది. అందుకే గ్యాస్కెట్ పోయినా వెనక కార్బరేటర్లో బుస వినిపిస్తుంది. అది విని 3 ఇన్లెట్ వాల్వు పోయిందనుకోకండి. ఇదే పరీక్ష 4వ సిలిండర్ మీద చేస్తే 3 ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకుని ఉంటుంది, బుస సైలెన్సర్లోంచి వస్తుంది. రెండుసార్లూ పక్క ప్లగ్గు కన్నంలోంచి గాలి వస్తోందా అన్నదే తేల్చే మాట.

సిలిండర్‌హెడ్ బెజవాడ

పై మాటతో ఏకీభవిస్తాను. నేను గ్యాస్కెట్ సంగతీ హెడ్ సంగతీ చెప్తాను.

అంబాసిడర్ గ్యాస్కెట్ వేయనివ్వకండి. పాత అంబాసిడర్ ఇంజనూ ఇదీ ఒకే బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బి-సిరీస్ కుటుంబం, నిజమే. అందుకే ఇసుజు ఇంజను రాకముందు అంబాసిడర్లు చేసిన పెద్ద మేస్త్రీలకి ఈ ఇంజను చేతికి అలవాటైనట్టే ఉంటుంది, అలాంటివాళ్ళు దొరికితే వదలకండి. కానీ అంబాసిడర్‌ది 1489 సీసీ, బోర్ 73 మి.మీ. మీది 1798 సీసీ, బోర్ 80.26 మి.మీ. ఆ గ్యాస్కెట్ వేస్తే అంచు బోర్‌లోకి చుట్టూ 3 మి.మీ.కి పైగా పొడుచుకొస్తుంది. ఆ అంచు ఎర్రగా కాలి, స్పార్క్ కంటే ముందే పెట్రోలుని మండించడం మొదలెడుతుంది. ఎంజీబీ గ్యాస్కెట్టే తెప్పించండి. దాని మీద ముందు వైపు ఏదో, పై వైపు ఏదో రాసి ఉంటుంది, తిరగేసి వేస్తే నీటి దారులు మూసుకుపోతాయి.

హెడ్ దించేటప్పుడు రేడియేటర్ కుళాయితో పాటు బ్లాకు కుడి పక్క వెనక ఉన్న కుళాయి కూడా విప్పాలి. తర్వాత రాకర్ షాఫ్ట్. దాని బ్రాకెట్లకి ఎనిమిది నట్లుంటాయి, అందులో నాలుగు హెడ్ స్టడ్ల మీదే ఉన్నవి. రాకర్ ఒక్కటీ విప్పుదామని ఆ నాలుగు నట్లు తీసేస్తే హెడ్ ఒక పక్క బిగువుగా, ఒక పక్క వదులుగా మిగిలి వంగుతుంది, నీళ్ళు సిలిండర్లోకి దిగుతాయి. కాబట్టి హెడ్ నట్లన్నీ వరసగా, ఒక్కోటి అర మర చొప్పున, చుట్లు చుట్లుగా వదులు చేసుకుంటూ రండి. పుష్‌రాడ్లు తీసేముందు ఒక్కోదాన్నీ కాస్త తిప్పి, కింద టప్పెట్ పట్టు వదిలించి పైకి లాగండి. అట్టముక్కకి ఎనిమిది కన్నాలు పొడిచి, అంకెలు వేసి, అదే వరసలో గుచ్చి ఉంచండి. ఏ రాడ్డు ఏ టప్పెట్‌తో అరిగిందో దానితోనే పోవాలి.

హెడ్ కదలకపోతే స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తకండి. పోత ఇనుము మీద ఒక్క గీత పడితే ఫేసింగ్ (ముఖం కోసి చదును చేయించడం) తప్పదు. రాకర్లు తీసేశాక వాల్వులన్నీ మూసే ఉంటాయి, ప్లగ్గులు అలాగే ఉంచి, కాయిల్ తీగ పీకేసి, పెట్రోలు ఆపి, సెల్ఫ్ రెండు మూడుసార్లు కొట్టండి. 1, 2లో కంప్రెషన్ బాగుంది కాబట్టి ఆ ఒత్తిడే హెడ్‌ని లేపుతుంది. నట్లు పూర్తిగా తీసేయకుండా స్టడ్ చివర నిలిపి ఉంచండి. అప్పటికీ రాకపోతే చెక్క సుత్తితో పక్కల మీద కొట్టడం, స్టడ్ల చుట్టూ తుప్పు వదిలించే ఆయిల్ పోసి రాత్రంతా ఉంచడం. స్పానర్లు, సాకెట్లు అంగుళాల ఏఎఫ్ సైజువే వాడండి. మిల్లీమీటర్ సాకెట్ ఇంచుమించు పట్టినట్టే పట్టి నట్టు మూలలు గుండ్రం చేస్తుంది.

గ్యాస్కెట్ దించాక పారేయకండి. 3, 4 మధ్య నల్లగా కాలిన దారి కనిపించాలి. దానికి ఎదురుగా బ్లాకు మీదా హెడ్ మీదా వేలిగోరు నడిపి చూడండి. గోరు తట్టుకునేంత గాడి పడితే కొత్త గ్యాస్కెట్ కూడా అక్కడే పోతుంది. స్టీలు స్కేలు నిలువుగా, అడ్డంగా, ఐమూలగా పెట్టి ఫీలర్ గేజ్ దూర్చండి. 2 థౌ, అంటే 0.05 మి.మీ. ఆకు ఎక్కడైనా దూరితే ఫేసింగ్ చేయించాలి. స్టడ్ చుట్టూ బ్లాకు ముఖం ఉబ్బి ఉందేమో కూడా చూడండి, ఉంటే ఆ కన్నం అంచుని కాస్త చెక్కించాలి, లేకపోతే హెడ్ ఆ ఉబ్బు మీద కూర్చుంటుంది.

ఫేసింగ్‌కి ఇచ్చేటప్పుడు "శుభ్రపడేంత వరకే" అని నోటితో చెప్పడం చాలదు, ఎదురుగా ఉండి చేయించండి. ఎంత కోస్తే కంప్రెషన్ అంత పెరుగుతుంది, 8.8 మన పెట్రోలుకి ఇప్పటికే ఎక్కువ. ఫేసింగ్‌కి ముందే హెడ్‌ని పగుళ్ళకి పరీక్ష చేయించాలి. ఈ హెడ్‌లో 2, 3 సిలిండర్ల ఎగ్జాస్ట్ ఒకే పోర్టులోకి వస్తుంది, వేడి అంతా ఆ నడుమ చేరుతుంది, పగుళ్ళు ఎక్కువగా అక్కడే. ఎర్ర రంగు డై కొట్టి తెల్ల పౌడర్ వేస్తే కంటికి కనపడని చీలిక కూడా గీతలా తేలుతుంది. పగిలిన హెడ్‌కి ఫేసింగ్ డబ్బు దండగ.

బోర్ గురించి: హెడ్ ఎలాగూ దిగుతుంది కాబట్టి అప్పుడు కొలవండి. డయల్ బోర్ గేజ్‌తో రింగు తిరిగే చోట పైన, మధ్యలో, కింద, రెండు దిక్కుల్లో. పై అంచున మెట్టు గోరుకి గట్టిగా తగులుతుంటే అప్పుడు ఆలోచిద్దాం. కొలవకుండా బోర్ చేయించడం అంటే బ్లాకు ఆయుష్షులోంచి ఒక మెట్టు ఊరికే తీసేయడం.

పటమట రేడియేటర్

గ్యాస్కెట్, వేడి, ఈ రెండూ వేరు వేరు జబ్బులు కావని నా అభిప్రాయం. ఈ బ్లాకులో తుప్పు బురద పేరుకునేది వెనక, 4వ సిలిండర్ చుట్టూ. నీళ్ళు ముందు పంపు నుంచి వస్తాయి, వెనక్కి వెళ్ళేసరికి జోరు తగ్గి మడ్డి అక్కడ దిగుతుంది. ఆ మూల లోహం చల్లబడదు, గ్యాస్కెట్ అక్కడే కాలుతుంది. మడ్డి తీయకుండా గ్యాస్కెట్ మారిస్తే రోహిణి కార్తెలో మళ్ళీ ఇదే పని.

బ్లాకు వెనక కుళాయి విప్పినప్పుడు నీళ్ళు రాకపోతే బ్లాకు ఖాళీ అయిందని కాదు, కన్నం మూసుకుపోయిందని. కుళాయిని పూర్తిగా విప్పేసి, గట్టి తీగతో పొడవండి. మొదట మట్టి రంగు ముద్ద వస్తుంది, తర్వాత నీళ్ళు. హెడ్ దిగాక పై కన్నాల్లోంచి, వెల్చ్ ప్లగ్గులు (బ్లాకు పక్క కన్నాలు మూసే రేకు బిళ్ళలు) తీసి పక్క కన్నాల్లోంచి తీగతో గోకి, ట్యూబు నీళ్ళు వెనక నుంచి ముందుకి కొట్టి కడగాలి. సిలిండర్లలో గుడ్డలు కుక్కి ఉంచండి. వెల్చ్ ప్లగ్గులు ఎలాగూ లోపలి నుంచి తుప్పు తిని ఉంటాయి, పాతవి ఏ ఆకారంలో ఉన్నాయో అదే రకం కొత్తవి వేయండి.

బోరు నీళ్ళు పోసిన బండి అయితే తెల్లటి సున్నపు పొర కూడా ఉంటుంది. దానికి కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు చాలు. లీటరు నీళ్ళకి 50 గ్రాములు. ఈ ఇంజనుకి హీటర్ కాకుండా 5.4 లీటర్లు పడతాయి, అంటే 270 గ్రాములు. ఇది కొత్త గ్యాస్కెట్ వేసి, పాత హోసులతో, థర్మోస్టాట్ లేకుండా చేసే పని. ఇంజను వెచ్చబడ్డాక అరగంట నుంచి ముప్పావుగంట నడిపి, వంచేసి, మామూలు నీళ్ళతో కడిగి, లీటరుకి 5 గ్రాముల వంట సోడా కలిపిన నీళ్ళతో ఒకసారి, మళ్ళీ మామూలు నీళ్ళతో నీరు తేటపడేదాకా. రాత్రంతా ఉంచితే ఇంకా బాగుంటుందని కొందరు అంటారు, ఒప్పుకోకండి, యాసిడ్ పల్చని లోహాన్నీ టంకాన్నీ తింటుంది. కాస్టిక్ సోడా దగ్గరికి రానివ్వకండి, అల్యూమినియం భాగాలు కరిగిపోతాయి.

రేడియేటర్‌ని విడిగా దించి, పై ట్యాంకు టంకం విప్పించి, ట్యూబుల్లో రాడ్డు దూర్పించండి. సగానికి పైగా ట్యూబులు మూసుకుపోతే కొత్త కోర్ వేయించడమే. మూత 1966 బండికి 7 పౌండ్ల ఒత్తిడిది. ఎక్కువ పౌండ్లది పెడితే పాత కోర్, హీటర్ గొట్టాలు తట్టుకోవు.

థర్మోస్టాట్ తప్పకుండా పెట్టాలి. తయారీదారు వేడి దేశాలకి 74 డిగ్రీలది చెప్పాడు, మామూలుది 82. మన దగ్గర 74దే సరి. తీసేసి నడిపితే చలికాలం పొద్దున్నే ఇంజను వేడెక్కక ఆయిల్‌లో తేమ చేరి మడ్డి కడుతుంది. పెట్టేముందు గిన్నెలో నీళ్ళు కాచి, థర్మామీటర్ పెట్టి, తెరుచుకుంటోందో లేదో చూడండి. చివరికి పోసేది డిస్టిల్డ్ వాటర్ రెండు వంతులు, ఎథిలీన్ గ్లైకాల్ కూలెంట్ ఒక వంతు. మనకి గడ్డకట్టే బాధ లేదు, కూలెంట్ వేసేది తుప్పు పట్టకుండా. వట్టి కూలెంట్ పోస్తే వేడి లాగే శక్తి తగ్గుతుంది.

ఇగ్నిషన్ టైమింగ్ కూడా చూసుకోండి. లేటుగా ఉన్న టైమింగ్ ఇంజనుని వేడెక్కిస్తుంది. మీ ఇంజనుకి స్టాటిక్‌లో (ఇంజను ఆపి చూస్తే) టీడీసీకి 10 డిగ్రీలు ముందు, స్ట్రోబ్ లైటుతో 600 ఆర్‌పీఎమ్ దగ్గర 14. ఆ అంకె 98 ఆక్టేన్ పెట్రోలుకి ఇచ్చింది. మన పెట్రోలుతో ఎక్కుడు ఎక్కేటప్పుడు గలగలమంటే ఒక్కో డిగ్రీ చొప్పున వెనక్కి తెండి, శబ్దం పోయిన చోట ఆపండి. ఈ వయసు బళ్ళలో టైమింగ్ ముళ్ళు పుల్లీ కింద ఉంటాయి, బండి కిందకి దూరి చూడాలి. పైనుంచి కనపడట్లేదని మేస్త్రీలు చెవితోనే డెల్కో (డిస్ట్రిబ్యూటర్) తిప్పేసి పంపిస్తారు.

కృష్ణలంక ఎంజీబీ

చాలా థాంక్స్ అండి. టప్పెట్లు చూశాం, రెండు కొంచెం బిగువుగా ఉంటే 15 థౌకి సెట్ చేశాక కూడా 3, 4 కంప్రెషన్ మారలేదు. గాలి పరీక్షలో 3లో గాలి ఎక్కిస్తే 4 ప్లగ్గు కన్నంలోంచీ వెనక కార్బరేటర్లోంచీ వచ్చింది. 4లో ఎక్కిస్తే 3 కన్నంలోంచీ సైలెన్సర్లోంచీ. రేడియేటర్‌లో బుడగలు లేవు. అంటే గ్యాస్కెట్టే.

బిగువుగా ఉన్న ఆ రెండూ ఎగ్జాస్ట్ వాల్వులు. దానికేమైనా అర్థం ఉందా? హెడ్ దించేముందు బయట కడగాలా, దించాక కడగాలా? కార్బన్ ఎలా తీయాలి?

సిలిండర్‌హెడ్ బెజవాడ

అర్థం ఉంది. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000 ఫిబ్రవరి 1 నుంచి లేదు. ఈ హెడ్ సీసం ఉన్న రోజుల్లో చేసింది, ఎగ్జాస్ట్ సీటు విడిగా వేసిన గట్టి రింగు కాదు, హెడ్ ఇనుములోనే కోసింది. సీసం లేని పెట్రోలుతో గట్టిగా తోలితే సీటు అరిగి వాల్వు లోపలికి దిగుతుంది, దిగిన కొద్దీ టప్పెట్ గ్యాప్ తగ్గుతుంది. హెడ్ దించాక వాల్వులు సీటులో ఎంత లోతుకి కూర్చున్నాయో ఒకదాంతో ఒకటి పోల్చండి. బాగా దిగినవి ఉంటే గట్టిపరిచిన ఎగ్జాస్ట్ సీటు రింగులు నాలుగూ వేయించండి. దిగకపోతే వేయించకండి. సీటు గూడు కోసేటప్పుడు టూలు లోతుకి పోతే నీటి గదిలోకి కన్నం పడుతుంది, మంచి హెడ్ పోతుంది.

వాల్వులు మెత్తని పేస్టుతో లాప్ చేయండి, అంటే సీటులో రుద్ది పట్టించండి. సీటు చుట్టూ తెగకుండా ఒకే వెడల్పులో బూడిద రంగు పట్టీ వచ్చేదాకా చాలు, అంతకన్నా రుద్దితే సీటు వెడల్పై వాల్వు గట్టిగా మూసుకోదు. పేస్టు చుక్క మిగలకుండా కడిగి, వాల్వులు బిగించి, పోర్టులో పెట్రోలు పోసి నిలబెట్టండి. రెండు నిమిషాల్లో చాంబర్ వైపు తడి రాకూడదు. స్టెమ్ మీద చిన్న రబ్బరు రింగులుంటాయి, అవి కొత్తవి వేయండి, ఎండిపోయినవి పొద్దున స్టార్టింగ్‌లో నీలిపొగ ఇస్తాయి.

అరండల్‌పేట ఎస్‌యూ (గుంటూరు)

బయట కడగడం హెడ్ దించకముందే. దించాక కడిగితే జిడ్డూ ఇసుకా సిలిండర్లలోకి పోతాయి. ప్రెషర్ గన్ మాత్రం వద్దు. ఆ నీళ్ళు డెల్కో మూతలోకి, డైనమోలోకి, కార్బరేటర్లలోకి దూరతాయి.

ముందు బ్యాటరీ. మీది 1966 బండి, పాజిటివ్ ఎర్త్, సీట్ల వెనక 6 వోల్టులవి రెండు. విప్పేటప్పుడు మొదట ఎర్త్ తీగ, అంటే పాజిటివ్. కొత్త ఎలక్ట్రీషియన్లు అలవాటు కొద్దీ నెగటివ్‌ని బాడీకి కలుపుతారు, కాబట్టి బ్యాటరీ పెట్టె మూత మీద పెయింటుతో రాసి ఉంచండి.

ఇంజను చల్లగా ఉన్నప్పుడు డెల్కో, కాయిల్, డైనమో, రెండు కార్బరేటర్ల నోళ్ళు ప్లాస్టిక్ సంచులతో కట్టేయండి. మందంగా ఉన్న జిడ్డుని ముందు చెక్క ముక్కతో, పెయింటు గీకే పల్చని రేకుతో పొడిగానే గీకేయండి. సగం పని అక్కడే అయిపోతుంది. మిగిలినదానికి నీటితో కడిగే డీగ్రీజర్ కొట్టి, పది పదిహేను నిమిషాలు ఆరకుండా ఉంచి, పెయింటు బ్రష్‌తో రుద్ది, మగ్గుతో నీళ్ళు పోయండి. డీజిల్‌తో కడగడం మన దగ్గర మామూలే గానీ, అది ఇంజను మౌంటింగ్ రబ్బర్లలోకీ హోసుల్లోకీ ఇంకి వాటిని ఉబ్బిస్తుంది, పైగా దాని జిడ్డు మీద దుమ్ము మళ్ళీ పడుతుంది. పెట్రోలుతో కడగడం ఏ పరిస్థితిలోనూ వద్దు.

శుభ్రంగా కడిగితే ఆయిల్ ఎక్కడ కారుతోందో కూడా తేలుతుంది. ఆరాక టాల్కం పౌడర్ చల్లి ఇంజను నడిపితే తడి దారి స్పష్టంగా పడుతుంది. ఎడమ పక్క మానిఫోల్డ్ కింద రెండు టప్పెట్ సైడు కవర్లున్నాయి, వాటి కార్కు ప్యాకింగులు ఎండిపోయి కారతాయి. హెడ్ పనిలో మానిఫోల్డ్ ఎలాగూ దిగుతుంది, అప్పుడే మార్చేయండి. కారుతోందని బోల్టు ఇంకా బిగిస్తే రేకు వంగి ఇంకా కారుతుంది. వంగిన రేకుని చదును బల్ల మీద తట్టి సరిచేసి, వేళ్ళతో బిగించి, ఆపైన స్పానర్‌తో కాస్త పట్టించండి. బెల్ హౌసింగ్ దగ్గర కారేది చాలాసార్లు వెనక సైడు కవర్ నుంచీ రాకర్ కవర్ వెనక అంచు నుంచీ దిగి వచ్చేదే. అయిదు బేరింగుల ఇంజనుకి వెనక ఆయిల్ సీల్ ఉంది, కానీ దాన్ని అనుమానించేముందు పైవి రెండూ ఆరాలి, ఎందుకంటే సీల్ మార్చాలంటే ఇంజను దించాలి.

ఇంకో కారణం, ఇన్లెట్ మానిఫోల్డ్ మీద ఉన్న గుండ్రటి బ్రీదర్ వాల్వు. దాని లోపలి రబ్బరు పొర చినిగినా, జిడ్డుతో అతుక్కుపోయినా క్రాంక్‌కేసులో ఒత్తిడి పెరిగి ప్రతి ప్యాకింగు నుంచీ ఆయిల్ నెడుతుంది. ఐడ్లింగ్‌లో ఆయిల్ మూత తీస్తే ఆర్‌పీఎమ్ ఒక 200 పెరగాలి. పెరగకపోతే విప్పి కడగండి.

కార్బన్: పిస్టన్లు రెండు పైకి తెచ్చి, మిగతా రెండు సిలిండర్లలో, పుష్‌రాడ్ కన్నాల్లో, నీటి దారుల్లో గుడ్డలు కుక్కండి. పైకి తెచ్చిన పిస్టన్ చుట్టూ సందులో గ్రీజు రాస్తే రాలిన పొడి దానికి అంటుకుంటుంది. చెక్క ముక్కతోనో, ఇత్తడి రేకుతోనో గీకండి. పిస్టన్ అల్యూమినియం, స్క్రూడ్రైవర్ పెడితే గీతలు పడతాయి. అంచు చుట్టూ సన్నని కార్బన్ వలయాన్ని మాత్రం వదిలేయండి. పాత రింగులతో అదే ఆయిల్‌ని అడ్డుకుంటుంది, తీసేస్తే ఆయిల్ తాగడం పెరుగుతుంది. గరుకు కాగితం, ఆకుపచ్చ స్క్రబ్బర్ పీచు బ్లాకు మీద వాడొద్దు. దాని గట్టి పొడి ఆయిల్‌లో కలిసి బేరింగుల్లో కూర్చుంటుంది.

కార్బరేటర్లు ఒక్కోటి విడిగా విప్పండి. ముందు దాని పిస్టన్, గోపురం ముందు దానివే, వెనకవి వెనకవే, కలిస్తే సందు కొలతలు తప్పుతాయి. థిన్నరో కార్బరేటర్ స్ప్రేనో వేసి మెత్తని గుడ్డతో తుడవడమే, రాపిడి పనికిరాదు. లోపల మధ్య కడ్డీకి ఒక్క చుక్క ఆయిల్, పిస్టన్ పక్కలకి ఏమీ వద్దు. వేలితో ఎత్తి వదిలితే టక్కున లోహం చప్పుడుతో కూర్చోవాలి. నీడిల్ భుజం పిస్టన్ అడుగుతో సమంగా ఉండాలి. జెట్‌ని పై అంచుకి తెచ్చి, అక్కడి నుంచి నట్టుని 12 ముఖాలు, అంటే రెండు చుట్లు కిందికి తిప్పితే స్టార్టింగ్‌కి సరిపోతుంది. ఇంజను వేడెక్కాక పిస్టన్‌ని 0.8 మి.మీ. మాత్రం ఎత్తండి. ఆర్‌పీఎమ్ కాస్త పెరిగి వెంటనే సర్దుకుంటే సరి, పెరిగి అలాగే ఉంటే రిచ్ (పెట్రోలు ఎక్కువ), ఆగబోతే లీన్ (పెట్రోలు తక్కువ). ఇప్పుడు బంకుల్లో వచ్చే 20 శాతం ఎథనాల్ పెట్రోలుకి కాస్త ఎక్కువ పెట్రోలు కావాలి, కాబట్టి ఒకటి రెండు ముఖాలు ఇంకా కిందికి తిప్పాల్సి రావచ్చు. అదే ఎథనాల్ పాత రబ్బరు పెట్రోలు గొట్టాలని లోపల నుంచి పొట్టు పొట్టుగా చేస్తుంది. ట్యాంకు నుంచి కార్బరేటర్ దాకా ప్రతి రబ్బరు ముక్కా ఎథనాల్ తట్టుకునేది వేయండి, ఫ్లోట్ నీడిల్ కూడా. కారిన పెట్రోలు పడేది వేడి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద.

గుంటూరు బి-సిరీస్

బిగించేటప్పుడు గమనించాల్సినవి. స్టడ్ మరలు శుభ్రం చేసి పల్చగా ఆయిల్ రాయండి, తుప్పు మర మీద టార్క్ రెంచి అబద్ధం చెప్తుంది. హెడ్ నట్లు మధ్య నుంచి బయటికి, 20, 35, 50 పౌండ్-అడుగులు, మూడు విడతల్లో. 50 అంటే 68 న్యూటన్ మీటర్లు. రాకర్ బ్రాకెట్ల చిన్న నట్లు నాలుగూ 25. టప్పెట్లు సెట్ చేసి, ఇంజను ఒకసారి పూర్తిగా వేడెక్కి చల్లారాక మళ్ళీ టార్క్ చూడండి, 800 కిలోమీటర్లకి ఇంకోసారి. టార్క్ పట్టిన ప్రతిసారీ టప్పెట్ గ్యాప్ మారుతుంది, మళ్ళీ 15 థౌకి తేవాలి.

ఆయిల్ 20డబ్ల్యూ-50, జింక్ శాతం బాగా ఉన్నది. ఈ టప్పెట్లు క్యామ్ మీద రాసుకుంటూ తిరిగేవి, జింక్ తక్కువైతే క్యామ్ ముక్కు అరుగుతుంది. ఫిల్టర్‌తో కలిపి 4.26 లీటర్లు, ఆయిల్ కూలర్ ఉంటే ఇంకో 0.42. ఫిల్టర్ గిన్నె తీసినప్పుడు పైన గాడిలో పాత రబ్బరు రింగు నల్లగా ఇనుములాగే కనిపిస్తూ ఉండిపోతుంది. దాన్ని సూదితో పీకకుండా దాని మీదే కొత్తది వేస్తే, స్టార్ట్ చేసిన క్షణంలో ఆయిల్ అంతా నేల మీద ఉంటుంది. ప్లగ్గులు విప్పి ఉంచి, ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచేదాకా సెల్ఫ్ ఆపి ఆపి కొట్టండి, ఆ తర్వాతే ప్లగ్గులు పెట్టి స్టార్ట్ చేయండి. వేడి మీద నడుస్తున్నప్పుడు 50 నుంచి 80 పీఎస్ఐ, ఐడ్లింగ్‌లో 10 నుంచి 25 ఉంటే కింద బేరింగులు విప్పే పనిలేదు.

కృష్ణలంక ఎంజీబీ

ఎంజీబీ గ్యాస్కెట్ సెట్, వాల్వు స్టెమ్ రింగులు, 74 డిగ్రీల థర్మోస్టాట్, సైడు కవర్ ప్యాకింగులు, పెట్రోలు గొట్టాలు ఆర్డర్ పెట్టాను. బయట కడగడం అయింది. బ్లాకు వెనక కుళాయి విప్పితే చుక్క నీళ్ళు రాలేదు, తీగ పెట్టి పొడిస్తే ఎర్రమట్టి ముద్ద వచ్చింది. హెడ్ దిగాక డై పరీక్ష ఫొటోలు, బోర్ కొలతలు ఇక్కడే పెడతాను.